స్టీలు మూకుడుపై రంగుల మరకలు

ఉస్మానియా విశ్వవిద్యాలయపు వసతిగృహములలోనైనను, ప్రక్కనున్న తార్నాక ఇండ్లలోనైనను మంటపై మరచిన స్టీలు మూకుడు అడుగున పసుపు, గోధుమ, ఊదా, నీలి చారలు తేలును. పీచుతో ఎంత తోమినను అవి పోవు. పాత్రకు విషము పట్టినదని కొందరు భయపడుదురు. అది నిజము కాదు. ఆ రంగు ఏ రంగు పదార్థము వలనను వచ్చినది కాదు.

ఇనుములో నూటికి 10.5 పాళ్ళకు తక్కువ కాకుండ క్రోమియము కలిపినచో, అది గాలిలోని ఆమ్లజనితో కూడి లోహముపై పలుచని ఆక్సైడు పొరగా ఏర్పడును. మేలురకపు వంటపాత్రలలో క్రోమియము 18 పాళ్ళు, నికెలు 8 పాళ్ళు ఉండును. మిల్లీమీటరును పది లక్షల భాగములు చేసినచో అందు రెండు మూడు భాగములే ఈ పొర మందము. గీత పడినను తానే మరల అల్లుకొనును. తుప్పు పట్టకపోవుటకు కారణమిదే. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డు నగరమున హారీ బ్రియర్లీ, త్వరగా అరగని తుపాకి గొట్టముల కొరకు ఉక్కును వెదకుచు ఇట్టి లోహమును తయారుచేసెను.

గిన్నెలో నీరున్నంతవరకు లోపలి వేడి 100 డిగ్రీల దగ్గరనే నిలుచును. ఖాళీ మూకుడు 300 డిగ్రీలు కూడ దాటగలదు. అప్పుడు పొర దళసరియగును. పొర పైభాగమునుండియు, అడుగునుండియు తిరిగివచ్చు కాంతి కెరటములు కలిసికొని కొన్ని రంగులను అణచివేయును. మిగిలినవి మన కంటబడును. వాననీటిపై తేలిన నూనెలో కనిపించు రంగులును ఇట్టివే. సుమారు 300 డిగ్రీలకు లేత పసుపు, 400కు గోధుమ, 450కు ఊదా, 540కి నీలి వచ్చును. మూకుడు ఎంతగా కాలినదో అడుగు చూచి చెప్పవచ్చునన్నమాట!

సబ్బు జిడ్డును విడదీయును గాని ఆక్సైడును కదల్చలేదు. దానికి పులుపు కావలెను. నిమ్మరసము, చింతపండు పులుసు లేక వెనిగారు రాచి, కొంతసేపు ఉంచి, మెత్తని గుడ్డతో లోహపు చారల వెంబడి రుద్ది కడిగినచో లేత మరకలు తొలగును. బోరునీటి సున్నపు తెల్లమచ్చలును ఇందులోనే కరగును. ముదురు నీలి మొండిది. మెత్తని పాలిషుపొడి వాడవలెను. అప్పటికిని మిగిలినచో మిగలనిండు, వంటకు హాని లేదు. పులుపులో వంటసోడా కలుపుట మాత్రము వృథా. ఒకదాని బలమును మరొకటి హరించును.

కర్మాగారములలో అతుకుల వద్ద ఏర్పడు ఇట్టి రంగులను నత్రికామ్లము, హైడ్రోఫ్లోరికామ్లముల మిశ్రమముతో తొలగింతురు. రంగుపొర క్రింద క్రోమియము తగ్గి, అచ్చట తుప్పు పట్టు అవకాశముండుటే కారణము. హైడ్రోఫ్లోరికామ్లము చర్మము దాటి ఎముకను చేరును. 1944లో ఆరంభమైన భారతీయ రసాయన సాంకేతిక సంస్థ తార్నాకలోనే ఉన్నదని, అట్టి సీసాలపై ఎవరును మనసుపడరాదు.

అంతకన్న దగ్గరనున్న ప్రమాదము స్నానాలగది ఆసిడుది. అందలి హైడ్రోక్లోరికామ్లము ఆక్సైడు పొరను తొలిచి స్టీలుకు గుంటలు పెట్టును. బ్లీచింగుపొడి చేయు చెరుపును అట్టిదే. ఈ రెండింటిని కలిపినచో క్లోరిను వాయువు పుట్టును. 1915 ఏప్రిలులో ఈప్రా యుద్ధభూమిలో సైనికులపై వదలినది ఈ వాయువునే. కిటికీలు మూసిన వంటగదిలో గిన్నెలు తోమువారి ఊపిరితిత్తులకు కొద్దిపాటి క్లోరినైనను చెరుపే. ఘాటు తగిలిన క్షణమే పని వదలి ఆరుబయటకు నడువవలెను. దగ్గు ఆగనిచో వైద్యుని వద్దకు పోవలెను.