మోకాలెత్తులో మూడో కన్ను!

పొద్దున్నే పెరట్లో పెద్ద అడుగు కనిపిస్తుంది. ‘చిరుతేమో’ అంటారొకరు. ‘కుక్కేలెండి’ అంటారింకొకరు. విశాఖ నగరాన్ని ఆనుకుని ఉన్న కంబాలకొండ అభయారణ్యం సుమారు 70 చదరపు కిలోమీటర్లు. అందులో చిరుతలున్నాయి, దాని అంచుల్లో కాలనీలున్నాయి. మరి వాదన తేల్చేదెవరు? చెట్టుకు కట్టిన చిన్న పెట్టె... కెమెరా ట్రాప్!

విశాఖకు పొరుగునే జరిగిన సంగతి చూడండి. 2022 వేసవిలో కాకినాడ జిల్లా ప్రత్తిపాడు మండలంలో పశువులు వరసగా చచ్చిపోతుంటే జనం హడలిపోయారు. వచ్చింది పెద్దపులేనని ఇలాంటి కెమెరాలే రుజువు చేశాయి. బోనులు పెట్టినా అది చిక్కలేదు. దర్జాగా అనకాపల్లి జిల్లా వైపు వెళ్లిపోయింది.

పెట్టెలోని సెన్సర్ కదిలే ఒంటి వేడిని పసిగడుతుంది. వెంటనే కంటికి కనిపించని పరారుణ దీపాలు వెలుగుతాయి. రాత్రి ఫొటోలు నలుపు తెలుపుల్లో వచ్చేది అందుకే. 850 నానోమీటర్ల దీపాలైతే వెలుగు దూరం పోతుంది గానీ సన్నటి ఎర్ర మెరుపు కనిపిస్తుంది. 940 అయితే మెరుపుండదు, దూరమూ తగ్గుతుంది. మండుటెండలో నేల, జంతువు ఒకే వేడిలో ఉంటే సెన్సర్‌ కూడా బోల్తా పడుతుంది.

అసలు నేర్పంతా కట్టడంలోనే ఉంది. మనిషి కంటి ఎత్తున కడితే పులి కింద నుంచి వెళ్లిపోతుంది. అందుకే మోకాలెత్తున, బాటకు రెండు పక్కలా కడతారు. పులి కుడివైపు చారలు ఎడమవైపు చారల్లా ఉండవు మరి! లెన్సు సూర్యుడికి ఎదురుగా ఉండకూడదు. సన్న చెట్టుకు కడితే గాలికి కెమెరా కూడా ఊగుతుంది. ముందున్న గడ్డి కోయకపోతే కార్డు నిండా గడ్డి ఫొటోలే.

ఇక కరెంటు. చాలా కెమెరాలు ఎనిమిదో పన్నెండో పెన్సిల్ సెల్స్‌తో నడుస్తాయి. ఫొటో కన్నా రాత్రి వీడియో వాటిని త్వరగా తాగేస్తుంది. సోలార్ పలక పెడదామంటే అడవిలో నీడ. నాలుగడుగుల అవతల ఎండ తగిలేచోట పెడితే ఎలుకలు, ముళ్లపందులు వైరు కొరికేస్తాయి. వైరును గట్టి గొట్టంలో పోనివ్వాల్సిందే. మెరిసే పలక దొంగలకు దారి చూపిస్తుంది కూడా! కాబట్టి ఇనప పెట్టె, తాళం తప్పవు. విశాఖ లాంటి చోట సముద్రపు ఉప్పు గాలి మరో తలనొప్పి. సెల్స్ తగిలే రేకులు తుప్పు పడతాయి. తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు లోపల వేయడం మేలు.

ఇంత అవస్థ దేనికంటారా? 2018-19 పులుల గణనలో దేశవ్యాప్తంగా 26,838 చోట్ల కెమెరాలు కట్టారు. మూడు కోట్ల 48 లక్షలకు పైగా ఫొటోలొస్తే అందులో పులులవి 76,651, చిరుతలవి 51,777. గిన్నిస్ రికార్డూ దక్కింది.

మిగిలినవి? ఆవులు, మేకలు, కట్టెలకెళ్లే మనుషులు, ఊగే కొమ్మలు... వాటిని ఒక్కొక్కటే తిరగేస్తూ పోతే ఎక్కడో తెల్లవారుజాము నాలుగింటి ఫొటోలో, ఓ మూల, మచ్చల తోక!