ప్రాసెసరు మార్చాలా, పెట్టె మొత్తం మార్చాలా?

రియాదులో ఒలయా కంప్యూటరు మార్కెట్టుకి శుక్రవారం సాయంత్రం వెళ్ళినవాళ్ళకి తెలుసు, లోపలికి వెళ్ళేటప్పుడు ఉన్న నిర్ణయం బయటికొచ్చేటప్పుడు ఉండదు. 2024 డిసెంబరులో నా పనీ అంతే అయింది. ప్రాసెసరు ఒక్కటే మారుద్దామని బయలుదేరాను. కౌంటరు దగ్గరి మలయాళీ కుర్రాడు "పాతదాని మీద డబ్బు పెట్టకండి సార్, మొత్తం కొత్తది తీసుకోండి" అన్నాడు. ఏమీ కొనకుండా ఇంటికొచ్చి కాగితం, కలం పట్టుకుని కూర్చున్నాను. ఆ లెక్క మీలో ఎవరికైనా పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

నా దగ్గరున్నది 2018 నాటి రైజెన్ 5 2600 ప్రాసెసరు, బీ450 మదరుబోర్డు, 16 జీబీ డీడీఆర్4 మెమొరీ. ఆఫీసులో కాంట్రాక్టు ఇంకో ఏడాదే ఉంది. ఈలోగా కుబర్నెటీస్ గట్టిగా నేర్చుకోకపోతే తరువాతి ఉద్యోగం కష్టం. రాత్రిపూట నాలుగు వర్చువల్ మెషీన్లు లేపితే ఈ పెట్టె మూలగడం మొదలుపెట్టేది.

ఇక డబ్బు సంగతి. 2017లో మొదలైన డిపెండెంట్ల ఫీజు 2020 జూలై నాటికి మనిషికి నెలకి 400 రియాళ్ళయింది. మా ఆవిడకీ ఇద్దరు పిల్లలకీ కలిపి ఏడాదికి 14,400. ఆ డబ్బు పిల్లల చదువుకి పనికొస్తుందని వాళ్ళని విజయవాడ పంపించేశాను. కాబట్టి ఇక్కడ నేను ఖర్చుపెట్టే ప్రతి రియాలూ అక్కడికి పంపని రియాలే.

రెండు దారులు

మొదటిది రైజెన్ 7 5700ఎక్స్. 8 కోర్లు, 4.6 గిగాహెర్ట్జ్ దాకా వేగం. నా పాత ఏఎం4 బోర్డులోనే కూర్చుంటుంది. రెండోది రైజెన్ 5 7600. 6 కోర్లు, 5.1 గిగాహెర్ట్జ్. దీనికి ఏఎం5 బోర్డు, డీడీఆర్5 మెమొరీ కావాలి.

విడుదలైనప్పుడు వీటి అమెరికా ధరలు 299, 229 డాలర్లు. డాలరుకి 3.75 రియాళ్ళు, పైన 15 శాతం వ్యాట్ వేస్తే సుమారు 1,290, 990 రియాళ్ళు. అంటే 7600 చవక అనిపిస్తుంది. అక్కడే బోల్తా పడతాం! దాని వెనకాలే బోర్డు, మెమొరీ బిల్లులు వస్తాయి.

మరి వేగం? ఏఎండీ లెక్క ప్రకారం 7600లోని జెన్ 4 కోరు, 5700ఎక్స్‌లోని జెన్ 3 కోరు కన్నా ఒకే గడియార వేగం దగ్గర సుమారు 13 శాతం ఎక్కువ పని చేస్తుంది. గిగాహెర్ట్జ్ తేడా కూడా కలిపితే ఒక్కో కోరుకి పావు వంతు లాభం. కాని కోర్లు ఆరే. ఆరుని 1.25తో గుణిస్తే ఏడున్నర. అటువైపు ఎనిమిది. అంటే అన్ని కోర్లకీ పని దొరికే చోట, అంటే పెద్ద కంపైలింగులోనూ నా వర్చువల్ మెషీన్లలోనూ, రెండూ దాదాపు సమానం. ఒకే కోరు మీద నడిచే పనులకీ, ఆటలకీ 7600 మెరుగు. ఇది కాగితం మీది లెక్కే, కాని దారి చూపడానికి చాలు.

వేడి మాటేమిటి? పెట్టె మీద రెంటికీ 65 వాట్లే. అనుమతించే గరిష్ఠ ఉష్ణోగ్రత ఒకదానికి 90, మరొకదానికి 95 డిగ్రీలు. గది పది డిగ్రీలు వేడెక్కితే చిప్పు కూడా దాదాపు పది డిగ్రీలు వేడెక్కుతుంది. వేసవిలో ఏసీ కట్టేసి, వెనకాల కంప్యూటరు నడుస్తుండగా ఆఫీసుకి వెళ్ళేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. ఇసుక దుమ్ము పట్టిన ఫిల్టరు నెలకోసారి దులిపితే ఏ ప్రాసెసరైనా బతుకుతుంది.

అసలు దొంగ ఎవరు?

ఇదంతా అయ్యాక, మొదటే చేయాల్సిన పని అప్పుడు చేశాను. నాలుగు మెషీన్లూ నడుస్తుండగా టాస్క్ మేనేజరు తెరిచాను. ప్రాసెసరు 60 శాతం దగ్గర ఉంది, మెమొరీ 95 దాటింది! అసలు దొంగ మెమొరీ. ఏ దారిలో వెళ్ళినా 32 జీబీ కావాలి. ఏఎం4లో అయితే ఇంకో 16 జీబీ కలిపితే చాలు. ఏఎం5లో 32 జీబీ మొత్తం కొత్తగా కొనాలి. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో మెమొరీ ధరలు ఎలా ఎగిశాయో చూశాక, ఆ లెక్క ఇంకా బాగా అర్థమైంది.

ఏఎం5 బోర్డు మీద తరువాత కొత్త చిప్పు వేసుకోవచ్చన్నది నిజమే. 2024లో వచ్చిన రైజెన్ 9000 చిప్పులు కూడా అందులోనే కూర్చుంటాయి. కాని రెండేళ్ళ తరువాత నేనెక్కడుంటాను? 16 జీబీ మెమొరీ, 5700ఎక్స్ తీసుకున్నాను.

ఇదే దారిలో వెళ్ళేవాళ్ళకి రెండు జాగ్రత్తలు. పాత చిప్పు ఉండగానే బోర్డు బయోస్ అప్‌డేట్ చేయండి, లేకపోతే కొత్తది లేవకపోవచ్చు. కూలరు తీసే ముందు పది నిమిషాలు కంప్యూటరు బాగా నడిపి, ఆపేసి, కూలరుని అటూ ఇటూ తిప్పుతూ తీయండి. నేను చల్లగా ఉండగా లాగితే ఎండిన పేస్టుకి అంటుకుని చిప్పు కూడా ఊడొచ్చింది. వంగిన పిన్నులు సరిచేసేసరికి చెమటలు పట్టాయి.

మీ దగ్గరున్నది ఏఎం4 కాకపోతే నా లెక్క మీకు వర్తించదు. ఎలాగూ బోర్డు మారుస్తారు కాబట్టి ఏఎం5 ధరలే ముందు చూడండి. ఏది కొన్నా ముందు కాగితం మీద రెండు ప్రశ్నలు రాసుకోండి: నా కంప్యూటరులో నిజంగా చాలనిది ఏది? నేనిక్కడ ఇంకా ఎన్నాళ్ళుంటాను?

ఈ కబురంతా ఫోనులో చెప్తే మా వాడు అడిగిందొకటే: "నాన్నా, నువ్వు ఫైనల్ ఎగ్జిట్‌లో వచ్చేటప్పుడు ఆ పెట్టె నాకే కదా?"