పెరటి బంతి, మిరప: సహవాసంపై పునరాలోచన

సిద్దిపేట ఎర్రచెల్కల పెరళ్లలో బతుకమ్మకు బంతిని, వంటకు మిరపను పక్కపక్కనే పెంచడం పరిపాటి. విస్తరణ శాస్త్రవేత్తలమూ దీనిని సమర్థిస్తూ వచ్చాం. బంతి వేర్లలోని ఆల్ఫా-టెర్థైనిల్ వేరుబుడిపె నులిపురుగులను అణచివేస్తుంది. పూలు శనగపచ్చ పురుగుకు ఎర అవుతాయి. అయితే 2021లో తెలంగాణ మిరప తోటలను దెబ్బతీసిన నల్ల తామరపురుగు, అంటే త్రిప్స్ పార్విస్పైనస్, పూలలోనే దాగి వృద్ధి చెందుతుంది. బంతిపూవు కూడా దానికి ఆశ్రయమే.

కనుక రెండింటినీ ఏకకాలంలో ఒకే మడిలో పెంచమని నేను చెప్పను. జూన్ చివర బంతి నారు పోసి, సద్దుల బతుకమ్మ నాటికి పూలన్నీ కోసి, మొక్కలను నేలలో కలియదున్ని, అవి కుళ్లిన తరువాత అక్కడే మిరప నాటడం మేలు. విత్తనానికి నాలుగు పూలు వదలడం మన ఇళ్ల అలవాటు. ఆ మొక్కలను మిరపకు దూరంగా ఉంచాలి.