భేదము లోపము కాదు: బిడ్డకు తన విలువ తెలుపుట

పుట్టిన బిడ్డకు తాను నల్లనివాడో, తెల్లనివాడో తెలియదు. తన ఎడమచేయి ముందుకు వచ్చుట వింతయని తెలియదు. మాట తడబడుట నవ్వదగిన విషయమని తెలియదు. ఇవన్నియు బిడ్డకు ఇంటివారి మాటల వలన, ఇరుగుపొరుగువారి చూపుల వలన, బడిలో తోటిపిల్లలు పెట్టు పేర్ల వలన తెలియవచ్చును. బడికి పోవు వయస్సు వచ్చుసరికి బిడ్డ తన్ను ఇతరులతో పోల్చుకొనుట ప్రారంభించును. ఆ వయస్సున తన్ను గూర్చి పెద్దలు పలుమారు అన్న మాటను నిజమేయని నమ్మును.

ఇది ఆరోగ్యమునకు సంబంధించిన విషయమేనా యని కొందరికి సందేహము కలుగవచ్చును. 1948లో అమలులోనికి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ నిబంధనావళి, ఆరోగ్యమనగా రోగము లేకుండుట మాత్రమే కాదనియు, శరీరము, మనస్సు, సంఘజీవనము మూడును సంపూర్ణముగా బాగుండుటయనియు నిర్వచించినది. ఇంతకన్న దగ్గరి కారణము మరియొకటి కలదు. సిగ్గుపడిన బిడ్డ తన బాధను దాచును. "నాలుగు కళ్ళవాడా" యని పిలిపించుకొన్న బాలుడు కళ్ళజోడును సంచిలో దాచుకొనును. నల్లబల్లపై అక్షరములు కనబడక చదువులో వెనుకబడును. మచ్చను జూచి నవ్వుదురేమోయని భయపడిన బాలిక దానిని తల్లికి సైతము చూపదు. సకాలమున చికిత్స చేసిన నయమగు వ్యాధి ఈ విధముగా ముదిరిపోవును.

కనుక బిడ్డకు తన శరీరమును గూర్చి నిజము తెలియవలెను. ఆ నిజమును ముందుగా పెద్దలు తెలిసికొనవలెను. మన ఇండ్లలో తరచుగా కనబడు నాలుగు భేదములను ఇచట వివరించుచున్నాము.

మేనిచాయ

"పిల్ల కొంచెము చాయ తక్కువ" అను మాట పురిటింటిలోనే వినబడును. చర్మమునకు రంగునిచ్చునది మెలనిన్ అను పదార్థము. దానిని తయారుచేయు కణములు నల్లనివారిలోను, తెల్లనివారిలోను ఇంచుమించు సమానముగనే ఉండును. అవి తయారుచేయు మెలనిన్ యొక్క పరిమాణములోను, రకములోను మాత్రమే తేడా కలదు. తీక్ష్ణమైన ఎండనుండి చర్మమును కాపాడునదియు ఈ మెలనినే. నలుపు రోగము కాదు. దానికి మందుతో పని లేదు. నలుగు పెట్టినందువలన ఒంటి మురికి పోవును గాని పుట్టుకతో వచ్చిన చాయ మారదు. తెల్లబరచునని చెప్పి అమ్మెడి కొన్ని లేపనములలో స్టీరాయిడ్లు గాని, పాదరసము గాని కలిసియుండును. స్టీరాయిడ్లు చర్మమును పలుచబరచును. పాదరసము మూత్రపిండములకు హాని చేయును. వైద్యుడు చెప్పనిదే ఇట్టివి బిడ్డలకు పూయరాదు.

ఎడమచేతి వాటము

ప్రతి పదిమందిలో సుమారు ఒకరికి ఎడమచేతి వాటము ఉండును. ఇది మెదడు పనిచేయు తీరునకు సంబంధించిన సహజ లక్షణము. మొండితనము కాదు, అపశకునము అంతకన్నను కాదు. భోజనమునకు, ఇచ్చిపుచ్చుకొనుటకు కుడిచేయి వాడుట మన మర్యాద. దానిని మెల్లగా నేర్పవచ్చును. అలవాటు కాకున్నచో దండింపరాదు. వ్రాయు చేతిని మాత్రము బలవంతముగా మార్పింపరాదు. కుడిచేతితో బ్యాటు పట్టి ప్రఖ్యాతి గాంచిన సచిన్ టెండూల్కర్ వ్రాయునది ఎడమచేతితోనే.

నత్తి

నూరుమంది పిల్లలలో సుమారు ఐదుగురికి ఎప్పుడో ఒకప్పుడు మాట తడబడును. ఇది సాధారణముగా రెండు మొదలు ఐదేండ్ల వయస్సులో ప్రారంభమగును. వీరిలో ఎక్కువమందికి అది తగ్గిపోవును. పెద్దవారిలో నూటికి ఒకరికి మాత్రమే మిగులును. నత్తికి వంశపారంపర్యము, మాటను నడుపు మెదడు భాగముల పెరుగుదల కారణములు. తెలివితక్కువ కారణము కాదు. వసకొమ్ము అరగదీసి నాలుకకు రాచినందువలన అది తగ్గదు. "త్వరగా చెప్పు", "సరిగా మాట్లాడు" అని తొందరపెట్టినకొలది బిడ్డ ఒత్తిడి హెచ్చును. బిడ్డ ముఖము చూచుచు, వాక్యము పూర్తియగువరకు ఓపికతో వినుటయే ఇంటివారు చేయదగిన మేలు. బిడ్డ చెప్పవలసిన మాటను తామే అందింపరాదు.

బొల్లి

బొల్లి అంటువ్యాధి కాదు. శరీరములోని రక్షణ వ్యవస్థ రంగునిచ్చు కణములను పొరపాటున నాశనము చేయుట వలన తెల్లమచ్చలు ఏర్పడును. పాలు, చేపలు కలిపి తినుట వలన వచ్చునను నమ్మకము నిజము కాదు. ఇది కుష్ఠు కాదు. కుష్ఠు మచ్చపై స్పర్శ తగ్గియుండును. బొల్లి మచ్చపై స్పర్శ మామూలుగనే ఉండును. కుష్ఠు సైతము బహుళ ఔషధ చికిత్సతో పూర్తిగా నయమగును. ఆ మందులు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితముగా లభించును. కావున ఏ మచ్చ కలిగిన బిడ్డనైనను పంక్తిలోనుండి లేపుటకు కారణము లేదు.

బిడ్డకు ఎట్లు చెప్పవలెను

భేదమును దాచినచో అది రహస్యమగును. రహస్యము సిగ్గుగా మారును. కనుక దానికి పేరుపెట్టి, భయము లేని గొంతుతో చెప్పవలెను. బొల్లి కలిగిన బిడ్డకు తల్లి ఇట్లు చెప్పవచ్చును: "ఇది బొల్లి మచ్చ. నొప్పి పెట్టదు. నిన్ను ముట్టుకున్నవాళ్ళకు రాదు. డాక్టరుగారు చూస్తున్నారు. ఎవరైనా అడిగితే ఈ మాటే చెప్పు." ఇట్టి సమాధానము బిడ్డ నోట సిద్ధముగా ఉన్నచో, బడిలో మొదటి ప్రశ్నకే కన్నీరు పెట్టుకొనడు.

తోబుట్టువులతో పోల్చుట మానవలెను. "అక్క బంగారుబొమ్మ, ఇది బొగ్గు" అని నవ్వులకు అన్న మాట ఆడినవారు మరతురు. విన్న బిడ్డ మరువదు. ఇంటికి వచ్చిన బంధువులు అట్లన్నను తల్లిదండ్రులు ఊరకుండరాదు. "అలా అనకండి పిన్నిగారూ, పిల్ల వింటుంది" అని బిడ్డ ఎదుటనే చెప్పుట మేలు. తన పక్షమున మాటలాడువారు ఉన్నారని అప్పుడు బిడ్డ తెలిసికొనును.

బిడ్డకు ఇంటిలో చేయదగిన పని అప్పగింపవలెను. మొక్కలకు నీరు పోయుట, అంగడి లెక్క చూచుట, చెల్లెలికి అక్షరములు దిద్దించుట వంటివి చాలును. తన అవసరము ఇంటికి కలదని ఎరిగిన బిడ్డకు తన విలువను గూర్చి ఉపన్యాసము అక్కరలేదు.

ఇతరుల భేదమును గౌరవించుట

ఒక కాలు లేని వ్యక్తిని జూచి బిడ్డ గట్టిగా "అమ్మా, ఆయనకు కాలెందుకు లేదు?" అని అడుగును. తల్లి వెంటనే నోరు మూయించినచో, అది చెప్పరాని చెడువిషయమని బిడ్డ గ్రహించును. "కొందరికి అలా ఉంటుంది, ఆయన కర్ర సాయంతో నడుస్తారు" అని మామూలుగా చెప్పిన చాలును. కుంటి, గుడ్డి, నత్తి మొదలగు పేర్లతో మనుష్యులను పిలుచుట పెద్దలు మానినగాని పిల్లలు మానరు.

బడిలో

2010 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము పిల్లలను కొట్టుటను, మానసికముగా వేధించుటను నిషేధించినది. రూపమును గాని, మాటను గాని ఎత్తిచూపి అవమానించుట దండన కాదనుకొనుట తప్పు. నత్తి కలిగిన బిడ్డకు చదువు అప్పగించుటకు తగిన వ్యవధి ఇయ్యవలెను. ఎడమచేతితో వ్రాయు బిడ్డను బల్లకు ఎడమ చివర కూర్చుండబెట్టినచో ప్రక్కవాని మోచేయి తగులదు. చూపు తక్కువైన బిడ్డను ముందు వరుసలో కూర్చుండబెట్టవలెను.

ఎప్పుడు వైద్యసహాయము పొందవలెను

స్పర్శ లేని మచ్చ కనబడినప్పుడు, నత్తి ఆరు నెలలకు మించి సాగినప్పుడు, లేక బిడ్డ మాటలాడుటకే జంకుచున్నప్పుడు ఆలస్యము చేయరాదు. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద పదునెనిమిదేండ్లలోపు పిల్లలకు అంగన్‌వాడీలలోను, ప్రభుత్వ పాఠశాలలలోను పరీక్షలు జరుగుచున్నవి. బిడ్డ బడికి పోనని మారాము చేయుట, నిద్రాహారములు తగ్గుట, ఒంటరిగా ఉండగోరుట కనబడినచో టెలీమానస్ సంఖ్య 14416కు ఫోను చేసి ఉచితముగా సలహా పొందవచ్చును. బిడ్డను ఎవరైనను హింసించుచున్నచో 1098కి తెలుపవలెను.

ముగింపు

వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడుగారికి బాల్యమునుండి కంటిచూపు తక్కువ. బడిచదువు సాగలేదు. అన్నగారు ఇంటిలోనే వయొలిన్ నేర్పిరి. 1919లో ఆయన విజయనగరము సంగీత కళాశాలలో ఆచార్యులైరి. 1936లో దానికే ప్రిన్సిపాలైరి. 1957లో పద్మశ్రీ పొందిరి.

ఇట్టి కథలను పిల్లలకు తప్పక చెప్పవలెను. కాని ఒక జాగ్రత్త అవసరము. ఏదో ఒక ఘనకార్యము చేసినగాని తన భేదము క్షమింపబడదని బిడ్డ అనుకొనకూడదు. నాయుడుగారు విద్వాంసులు కాకున్నను, ఆ చూపు తక్కువైన బాలుని విలువ తగ్గియుండెడిది కాదు. అన్నగారు ఆయనను దగ్గర కూర్చుండబెట్టుకొన్ననాటికి ఆయన ఇంకను విద్వాంసులు కారు. ఆ ఇంటి బిడ్డ మాత్రమే. ప్రతి తల్లియు, ప్రతి తండ్రియు, ప్రతి ఉపాధ్యాయుడును తమ ఎదుటనున్న బిడ్డను అట్లే దగ్గరకు తీసికొనవలెను.