అన్నిటికీ సరిపోయే మాటలు

రోడ్డు ప్రమాదం వార్త ఎలా సాగుతుందో తెలుగు పాఠకుడికి చదవకముందే తెలుసు. విధి వక్రిస్తుంది, లేదంటే మృత్యువు లారీ రూపంలో దూసుకొస్తుంది. రహదారి రక్తసిక్తమవుతుంది. బంధువుల రోదనలు మిన్నంటుతాయి, ఊళ్లో విషాదఛాయలు అలముకుంటాయి. మర్నాడు నాయకులు దిగ్భ్రాంతి వ్యక్తం చేస్తారు. చనిపోయినవాళ్ల పేర్లూ ఊరి పేరూ మారిస్తే అదే వార్త వచ్చే వారం ఇంకో జిల్లాకు అతికినట్టు సరిపోతుంది. ఇవి అరిగిపోయిన మాటలని, విని విని విసుగొచ్చిందని చాలామంది అంటారు. విసుగు పెద్ద సమస్యేమీ కాదు. భాష అంతకంటే పెద్ద దెబ్బలు తట్టుకుంది. ఒక ప్రశ్న పుట్టాల్సిన చోట ఇలాంటి మాట ముందే వచ్చి కూర్చోవడం, కూర్చున్నాక ఇంక ఎవరూ ఏమీ అడగకపోవడం మాత్రం మనుషుల ప్రాణాల మీదికి వస్తోంది.

ఇది అతిశయోక్తి అనిపిస్తే కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కలు చూడండి. 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో నూటికి 71 మంది మితిమీరిన వేగం వల్ల జరిగిన ప్రమాదాల్లో పోయినవాళ్లు. హెల్మెట్ లేక 50,029 మంది, సీటు బెల్టు పెట్టుకోక 16,715 మంది ప్రాణాలు పోగొట్టుకున్నారని అదే నివేదిక చెబుతోంది. జాతీయ రహదారి మీద 500 మీటర్ల మేరలో మూడేళ్లలో అయిదు ఘోర ప్రమాదాలు గానీ, పది మరణాలు గానీ సంభవిస్తే దాన్ని బ్లాక్ స్పాట్‌గా గుర్తించాలని నిబంధన ఉంది. అంటే ఒకే చోట మళ్లీ మళ్లీ మనుషులు చనిపోతుంటే తప్పు ఆ చోటులో ఉండవచ్చని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. ఆ మలుపు ఎంత వంకర, అక్కడ వీధి దీపం ఉందా, డివైడర్ ఎక్కడ తెగింది, డ్రైవర్ ఎన్ని గంటల నుంచి కన్ను మూయకుండా నడుపుతున్నాడు, చెడిపోయిన లారీని వెనక దీపం కూడా వెలిగించకుండా రోడ్డు మీద ఎందుకు వదిలేశారు? విధి అన్న ఒక్క మాటతో ఈ ప్రశ్నలన్నీ ఒక్కసారే పోతాయి. విధికి కాంట్రాక్టరు ఉండడు, ఇంజనీరు ఉండడు, బస్సు యజమాని ఉండడు.

చేసినవాడు కనిపించకుండా పని మాత్రమే జరిగిపోయే వాక్యాలు మన ప్రజాజీవితంలో చాలా ఉన్నాయి. చట్టం తన పని తాను చేసుకుపోతుందని ప్రతి ప్రభుత్వంలోనూ ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. చట్టం తనంతట తాను ఏ పనీ చెయ్యదు. ఒక ఎస్సై కేసు రాయాలి, ఒక అధికారి దర్యాప్తు చెయ్యాలి, ఒక న్యాయవాది వాదించాలి, ఒక జడ్జి తీర్పు చెప్పాలి. ఆ నలుగురిలో పని ఆపిందెవరు అని అడిగే వీలు లేకుండా ఆ వాక్యం వాళ్లందర్నీ తెర వెనక్కి పంపేస్తుంది. అమెరికన్ మనోవైద్యుడు రాబర్ట్ జే లిఫ్టన్, చైనాలో ఆలోచనా సంస్కరణ పేరిట మనుషుల మనసులు మార్చిన తీరు మీద 1961లో ఒక పుస్తకం రాశారు. ఎంత చిక్కు సమస్యనైనా చిన్న మాటలోకి కుదించి, అక్కడితో ఆలోచనను ఆపేసే మాటల గురించి అందులో ప్రత్యేకంగా చెప్పారు. ఆయన రాసింది నిర్బంధంగా మనసులు మార్చే పద్ధతి గురించి. ఏ నిర్బంధమూ లేకుండానే మనం ఇళ్లలో, ఆఫీసుల్లో, టీవీ చర్చల్లో అదే పని చేస్తున్నాం.

ఇలాంటి మాటలు ఎందుకు అంత సులువుగా నమ్మకం పుట్టిస్తాయో కొంతవరకు తెలుసు. 1977లో లిన్ హేషర్, మరో ఇద్దరు పరిశోధకులు కొందరు విద్యార్థులకు రెండేసి వారాల ఎడంతో మూడుసార్లు రకరకాల వాక్యాలు వినిపించి, ఏది ఎంత నిజమనిపిస్తోందో చెప్పమన్నారు. నిజమైనా అబద్ధమైనా, మళ్లీ మళ్లీ విన్న వాక్యాలే వాళ్లకు ఎక్కువ నిజంగా తోచాయి. 2000లో మాథ్యూ మెక్‌గ్లోన్, ఆయన సహ పరిశోధకురాలు ప్రచురించిన అధ్యయనంలో, ఒకే భావం ఉన్న సూక్తిని ప్రాసతో చెప్పినప్పుడు జనం ఎక్కువ నమ్మారు, ప్రాస తీసేసి చెప్తే తక్కువ నమ్మారు. ఆ పరిశోధన జరిగింది ఇంగ్లీషులో. ప్రాస మీద తెలుగువాళ్లకున్న మక్కువ తెలిసినవాళ్లకు దాని సంగతి వేరే చెప్పక్కర్లేదు. సంసారం గుట్టు, రోగం రట్టు అంటాం. రోగం దాచకూడదన్నది మంచి సలహా. దాని పక్కన ప్రాసకు కుదిరిన మొదటి సగం కూడా అంతే మంచిదన్నట్టు చెల్లిపోతోంది.

అయితే సామెతలన్నీ ఇలాంటివేనా, తరతరాల అనుభవసారాన్ని పట్టుకుని ఊకదంపుడు అంటారా అని ఎవరైనా కోప్పడవచ్చు. ఆ కోపంలో న్యాయం ఉంది. 1868లో కెప్టెన్ ఎం.డబ్ల్యు. కార్ మద్రాసులో ఆంధ్ర లోకోక్తి చంద్రిక అచ్చు వేయించినప్పుడు రెండు వేలకు పైగా తెలుగు సామెతలు పోగుచేయగలిగాడంటే, జనం నోట అంత పదునైన అనుభవం ఉండబట్టే. రైతుల సామెతలు చూడండి. ఉత్తర చూసి ఎత్తర గంప అన్నారు. సెప్టెంబరు నడుమ వచ్చే ఉత్తర కార్తె దాకా చూడు, అప్పటికీ వాన లేకపోతే ఆ ఏడు మెట్ట పంట మీద ఆశ వదిలేసి గంప నెత్తికెత్తుకో, పని దొరికే చోటికి పో అని అర్థం. ఇందులో ఒక తేదీ ఉంది, ఒక షరతు ఉంది, ఆ షరతు తప్పితే చెయ్యాల్సిన పని ఉంది. ఒక ఏడాది ఉత్తర దాటాక కూడా వానలు దంచి కొడితే ఆ సామెత ఆ ఏటికి తప్పిందని చెప్పొచ్చు. తప్పే వీలున్న మాట కాబట్టే అది రైతుకు పనికొచ్చింది. జరగాల్సింది జరక్క మానదు అన్న మాటను ఏ సంఘటనా తప్పని చూపించలేదు. పంట పండినా నిజమే, ఎండినా నిజమే. నిదానమే ప్రధానం అనీ, ఆలస్యం అమృతం విషం అనీ ఒకే నోటితో అంటాం. పని అయ్యాక ఫలితాన్ని బట్టి ఒకటి ఎంచుకుంటే రెండూ ఎప్పటికీ ఓడిపోవు. పని మొదలుపెట్టే ముందు మాత్రం రెండూ దారి చూపవు. సామెత విలువ ప్రాచీనతలో లేదు, ఫలానా సందర్భంలో ఫలానా పని చెయ్యమని చెప్పే ధైర్యంలో ఉంది.

పిల్లల విషయంలో ఇది మరీ బాధ కలిగిస్తుంది. కష్టపడితే సాధించలేనిది లేదన్నది తెలుగు రాష్ట్రాల్లో ఇంటర్ చదివే పిల్లలు రోజూ వినే మాట. 2024లో జేఈఈ మెయిన్ రాసినవాళ్లు దాదాపు 14 లక్షల మంది. ఆ ఏడాది ఐఐటీల్లో ఉన్న సీట్లు 17,740. పిల్లలందరూ రెట్టింపు కష్టపడినా ఆ సీట్లు ఒక్కటి కూడా పెరగవు. అంటే సీటు రానివాళ్లంతా కష్టపడనివాళ్లే అని తీర్పు చెప్పకుండా ఆ వాక్యం నిలబడదు. తెల్లవారుజామున లేచి రాత్రి పదింటిదాకా పుస్తకం ముందు కూర్చున్న పదహారేళ్ల పిల్ల ఆ తీర్పును నోరెత్తకుండా తన మీదే వేసుకుంటుంది. కష్టపడమని పిల్లలకు చెప్పొద్దా అంటే, తప్పక చెప్పాలి. దానితో పాటు సీట్ల లెక్క కూడా చెప్పాలి, మిగిలిన దారులేమిటో చెప్పాలి, ఈ పరీక్ష నీ శక్తి మొత్తాన్ని కొలవదని చెప్పాలి. ఇవన్నీ చెప్పడానికి సమయం పడుతుంది, పెద్దవాళ్లు కూడా కాస్త చదువుకోవాల్సి వస్తుంది. అందుకే ఒక్క వాక్యంతో సరిపెడుతున్నాం.

చావు ఇంట్లో చెప్పే మాటల మాటేమిటి? కాలమే అన్నీ మరిపిస్తుంది, ధైర్యంగా ఉండాలి, మన చేతుల్లో ఏముంది? ఇవీ అరిగిన మాటలే, వీటి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. పరామర్శకు వెళ్లినవాళ్ల దగ్గర కొత్త వాక్యం కావాలని ఎవరూ ఆశించరు. మనిషి వచ్చి పక్కన కూర్చోవడమే అక్కడ ముఖ్యం. అందరూ అనే మాట అనడం వల్ల అందరిలాగే నేనూ మీతో ఉన్నానని తెలుస్తుంది. ఓదార్చేవాళ్లకు ఆ మరణానికి జవాబు చెప్పుకోవాల్సిన బాధ్యత లేదు. బ్లాక్ స్పాట్‌ను సరిచేయించాల్సిన అధికారికి, కూలిన గోడ కట్టిన సంస్థకు, ఆసుపత్రి యాజమాన్యానికి ఆ బాధ్యత ఉంది. పరామర్శకు వచ్చినవాళ్ల మాటను ఆ బాధ్యత ఉన్నవాళ్లు అరువు తెచ్చుకున్నప్పుడే అది తప్పవుతుంది. డెడ్‌లైన్ తరుముతుంటే రాత్రి పదకొండింటికి వార్త రాసే విలేకరికి కొత్త మాటలు వెతికే తీరిక ఉండదన్నది నిజమే. కానీ కొత్త మాటలు అక్కర్లేదు. వేగం ఎంత, మలుపు ఎక్కడ, ఇదే చోట ఇంతకుముందు ఎందరు పోయారు అని మామూలు మాటల్లో రాస్తే, మిన్నంటిన రోదనలకంటే తక్కువ చోటే పడుతుంది.

అన్నిటికంటే బలమైన ఆక్షేపణ ఇంకొకటి ఉంది. ఏమీ మార్చలేని స్థితిలో ఉన్నవాళ్లకు తలరాత అన్న మాటే ఆసరా, దాన్నీ లాగేసుకుంటారా? లాగేసుకోకూడదు. కానీ ఆ మాట ఎవరు ఎవరికి చెబుతున్నారో గమనించాలి. సొంత పొలం గట్టు అర అడుగు జరిగితే రాసిపెట్టి ఉందని ఊరుకునేవాళ్లు అరుదు, సర్వేయరును పిలుస్తారు. సర్దుకుపొమ్మనే సలహా ఎక్కువగా కోడళ్లకే అందుతుంది. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందన్న సామెత నవ్వుతూ చెప్పుకుంటాం. అందులో నవ్వు గురించి చర్చ ఉంది, దెబ్బ మాత్రం వానా ఎండలాగా మామూలు సంగతై కూర్చుంది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో భర్త భార్యను కొట్టడం ఏదో ఒక సందర్భంలో సబబేనని తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ నూటికి 80 మందికి పైగా స్త్రీలే చెప్పారు. అన్నేళ్లుగా విన్న మాటలు వాళ్ల సొంత అభిప్రాయాలుగా మారాయి. గృహహింస నిరోధక చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయొచ్చు. పుట్టింటికొచ్చిన కూతురితో సర్దుకుపోవాలమ్మా అనేసే తల్లికీ ఇవన్నీ ఎంతో కొంత తెలిసే ఉంటాయి. ఆ మాట నోటిదాకా వచ్చిన క్షణంలో దాన్ని ఆపి అడగగలిగినవి చాలా ఉన్నాయి. ఎన్నాళ్ల నుంచి కొడుతున్నాడు, ఎవరికైనా చెప్పావా, దెబ్బలు డాక్టరుకు చూపించావా, పిల్లల్ని ఎక్కడ వదిలి వచ్చావు, ఈ రాత్రి నువ్వు అక్కడికి తిరిగి వెళ్తే క్షేమంగా ఉంటావా?