కందిరీగ కాని కందిరీగ

ముప్ఫైమంది శిష్యుల ఎదుట నేనొక తప్పు చెప్పాను. ఆ తప్పే నాకంటె రెండువందల పదేళ్లు ముందు లిన్నేయస్ మహాశయుడు కూడా చేశాడని ఆ తర్వాత తెలిసి, కొంచెం ఊరట చెందాను.

1974లో నేను టాంజానియా దేశంలో, కిలిమంజారో కొండ దిగువన మోషి పట్నానికి దగ్గరలో ఉన్న ఒక బడిలో జీవశాస్త్రం చెబుతూండేవాణ్ణి. మార్చి నెలాఖరు. తొలివాన కురిసి వెలిసింది. వరండాలో పెట్రోమాక్సు లైటు పెట్టుకుని పరీక్ష కాగితాలు దిద్దుకుంటున్నాను. ఉసిళ్లు ముసురుకుంటున్నాయి. ఇంతలో పెద్ద పురుగొకటి రివ్వున వచ్చి గాజుచిమ్నీకి కొట్టుకుని, నేను సున్నా వేసిన కాగితం మీదే పడింది. అంగుళానికి మించిన పొడవు. గోధుమరంగు. సగం కాల్చి పారేసిన చుట్టకు రెక్కలు మొలిచినట్టుంది! పెద్ద పెద్ద కళ్లు, వాటి మధ్య నెత్తిమీద మరి మూడు చిన్న కళ్లు. అక్కడి తెల్లవాళ్లు దాన్ని "సాసేజ్ ఈగ" అనేవారు. సాసేజ్ అంటే మాంసం కూరి చేసే చుట్టలాంటి వంటకం. మా ఇంట్లో ఎవరూ దాన్ని ముట్టరు కాని, పోలిక మాత్రం బాగా కుదిరింది.

మర్నాడు దాన్ని సీసాలో వేసుకుని క్లాసుకు తీసుకువెళ్లాను. "ఇది ఒక రకం కందిరీగ" అని నల్లబల్ల మీద రాసి, బొమ్మ కూడా గీశాను.

వెనక బెంచీలోంచి ఒక కుర్రాడు లేచాడు. "మ్వాలిము, అది కందిరీగ కాదండి. సియాఫూ" అన్నాడు. మ్వాలిము అంటే స్వాహిలీలో మాస్టారు.

నేను నవ్వాను. ఇప్పటికీ ఆ నవ్వు తలచుకుంటే సిగ్గు వేస్తుంది.

సియాఫూ అంటే ఏమిటో నాకు తెలియక కాదు. అవి దండుచీమలు. అంతకు ముందు ఏడాదే ఒక రాత్రి అవి మా ఇంటిమీదికి దండెత్తి వచ్చాయి. పక్కింటావిడ వచ్చి తలుపులు బాది, "పిల్లను ఎత్తుకో, కోళ్లగూడు తలుపు తీసెయ్యి, బయటికి నడవండి" అని మా ఆవిడను కేకలేసింది. కట్టేసిన మేకనైనా, గూట్లో మూసిన కోడినైనా అవి బతకనివ్వవట. చెట్టుకింద దుప్పట్లు కప్పుకుని తెల్లవారేదాకా కూర్చున్నాం. తిరిగి వెళ్లి చూస్తే ఇంట్లో ఒక్క బొద్దింక లేదు, ఎలుక లేదు, బల్లి లేదు. "పండక్కి కూడా ఇల్లింత శుభ్రంగా ఎప్పుడూ లేదండీ" అంది మా ఆవిడ, కాలి వేలికి పట్టుకు వేలాడుతున్న ఒక చీమ తలను ఊడబీకుతూ.

ఆ చీమలకు కళ్లు లేవు, రెక్కలు లేవు. చిన్నది గోధుమగింజలో సగముంటుంది, పెద్దది అర అంగుళానికి తక్కువ. అటువంటి గుడ్డి చీమకూ, దీపం చుట్టూ తిరిగే ఈ చుట్టపురుగుకూ చుట్టరికమా?

లిన్నేయస్‌కూ అలాగే తోచి వుండాలి. స్వీడన్ రాణి లొవీసా ఉల్రీకా తన భవనంలో దేశదేశాల పురుగులనూ చిప్పలనూ సేకరించి పెట్టింది. 1764లో ఆ సేకరణకు ఆయన వర్ణన రాస్తూ, దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన ఇటువంటి పురుగుకు "వెస్పా హెల్వోలా" అని పేరు పెట్టాడు. స్కూటరు పేరుగా మనకు తెలిసిన వెస్పా అనే మాటకు లాటిన్‌లో కందిరీగ అనే అర్థం. ఆయన శిష్యుడు ఫాబ్రీసియస్ 1793లో ఇది కందిరీగల్లో ఇమడదని "డోరిలస్" అనే కొత్త ప్రజాతిని కల్పించాడు. 1840లో షకర్డ్ అనే ఇంగ్లీషు పండితుడి ముందుకు గుడ్డి దండుచీమలు వచ్చాయి. ఆయన వాటికి "అనొమ్మా" అని వేరే ప్రజాతి పేరు పెట్టాడు. కళ్లు లేనిదని అర్థం. 1863లో జావా ద్వీపం నుంచి వచ్చిన, రెక్కలూ కళ్లూ లేని లావుపాటి ఆడచీమ ఒకటి గెర్‌స్టెకర్ అనే జర్మను శాస్త్రజ్ఞుడి చేతిలో పడింది. ఆయన దానికి "డిక్‌తాడియా" అని మరో ప్రజాతి పెట్టాడు.

చూశారా, మగడికొక ఇంటిపేరు, పనివాళ్లకొకటి, రాణికి ఇంకొకటి! ఈనాడు వీటన్నిటినీ డోరిలస్‌లోనే చేర్చారు.

ఆ పండితులను తప్పుపట్టడానికి లేదు. వాళ్ల బల్లమీదికి వచ్చింది సూదికి గుచ్చిన ఎండు పురుగు. ఎక్కడ దొరికింది, ఏ పుట్టలో, ఎవరితో కలిసి నడుస్తూండగా దొరికింది అన్న సంగతులు దానితో రాలేదు. పశ్చిమాఫ్రికాలో లైబీరియా తీరాన కాపురమున్న సావేజ్ అనే అమెరికను మతప్రచారకుడు 1847లో ఈ చీమల నడవడిని కళ్లారా చూచి రాశాడు. గొరిల్లాను శాస్త్రలోకానికి మొదట పరిచయం చేసిన ఇద్దరిలో ఆయనొకడు. గొరిల్లాకు వచ్చినంత పేరు చీమలకు రాలేదు, పాపం.

నా సంగతికి వస్తాను. పదిరోజుల తర్వాత, మళ్లీ వాన పడిన మర్నాడు, తెల్లవారుజామున ఆ కుర్రాడే వచ్చి తలుపు తట్టాడు. "మ్వాలిము, రండి" అన్నాడు. కాఫీతోట గట్టు వెంట వెళ్లాం. దారికి అడ్డంగా దండు సాగుతోంది. రెండువైపులా పెద్ద చీమలు కోరలు పైకెత్తి కాపలా కాస్తున్నాయి. మధ్య ఒక చుట్టపురుగు! రెక్కలు మొదలంటా కొరికేసి వున్నాయి. పదిహేనిరవై చీమలు కాళ్లు పట్టి ఈడుస్తున్నాయి. తినడానికేమో అనుకున్నాను. కాని ఒక్కటీ దాని ఒళ్లు కొరకడంలేదు. ప్రాణాలతో, భద్రంగా పుట్టవైపు లాక్కుపోతున్నాయి.

వేరే పుట్టలో పుట్టిన మగవాడు ఎగిరి వస్తాడు. ఈ దండు వాసన తగిలి దగ్గర వాలతాడు. వీళ్లు రెక్కలు కత్తిరించి రాణిగారి దగ్గరకు తీసుకుపోతారు. రెక్కలు పోయాక తిరిగి పోయే దారి లేదు. ఇల్లరికపు అల్లుళ్లు మనలోనూ వున్నారు కాని, ఇంత గట్టి ఇల్లరికం నేనెక్కడా చూడలేదు.

ఆ రాణి సంగతి ఒక్కమాట. కాంగోలో రెన్యే, వాన్ బోవెన్ అనే బెల్జియం శాస్త్రజ్ఞులు ఏళ్లతరబడి పరిశీలించి 1955లో పెద్ద గ్రంథం వెలువరించారు. అక్కడి ఒక జాతి రాణి రెండంగుళాలుంటుంది. నెలకు ముప్ఫై నలభై లక్షల గుడ్లు పెడుతుంది. పుట్టలో సంతానం రెండు కోట్లదాకా! నేలలోపల వుంటుంది గనుక, పుట్ట తవ్వితే తప్ప కంటబడదు.

ఆనాడు క్లాసులో నల్లబల్ల తుడిచి, "నేను చెప్పింది తప్పు, ఇతను చెప్పింది ఒప్పు" అన్నాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఎవరికో నేను అడగలేదు.

ఇది చీమేనని తేలింది. ఏ జాతి చీమ? పనిచీమల నడుముకు ఒకటే ముడి, తోక చివర పలక మీద రెండు చిన్న ముళ్లు. ఇవి ప్రజాతి గుర్తులు. జాతి తేల్చడం నా మైక్రోస్కోపు వల్ల కాలేదు. ఒకే దండులో చిన్నచీమా పెద్దచీమా పక్కపక్కన పెడితే రెండు జాతులన్నట్టుంటాయి. సీసాల్లో స్పిరిట్ పోసి, యూరప్‌లోని ఒక మ్యూజియానికి పంపాను.

నాలుగు నెలలకు జవాబు వచ్చింది. ఎంతో మర్యాదగా రాశారు. ప్రజాతి డోరిలస్ అన్నారు. ఈ ప్రజాతిలో చాలా పేర్లు మగచీమను మాత్రమే చూచి పెట్టినవట, మరికొన్ని పనిచీమను మాత్రమే చూచినవి. ఏ మగ ఏ పనిచీమకు తోడో తెలియక, ఒకే జాతి రెండు పేర్లతో చెలామణీ అవుతూండవచ్చు. చివర ఒక ప్రశ్న: "మొదటి సీసాలోని మగ, రెండో సీసాలోని పనిచీమలు ఒకే దండులోవా? చీటీల మీద రాయలేదే!"

నాకు చెమటలు పట్టాయి. దీపం దగ్గర దొరికిన మగ ఒకటి, దండులో దొరికిన మగ ఒకటి, నేను రెండూ పంపాను. చీటీల మీద ఊరి పేరు, నెల మాత్రమే రాశాను. అసలు విలువైన ముక్కే వదిలేశాను. ఏది ఏ సీసాలో వేశానో ప్రమాణం చేసి చెప్పలేను.

కుర్రాణ్ణి పిలిచాను. వాడు తాపీగా నోటుపుస్తకం తెచ్చాడు. తేదీ, కాఫీతోట గట్టు, మగచీమ ఒకటి, రెక్కలు లేవు, పనిచీమలు పదకొండు, మూడు పెద్దవి, ఎనిమిది చిన్నవి అని రాసుకున్నాడు. రెక్కలు లేని మగ! ఎంత తేలిక! దీపం దగ్గర దొరికినదానికి రెక్కలున్నాయి కదా. నాకీ ఆలోచన ఎందుకు రాలేదో!

ఇప్పుడు చీమకాలి ముక్క చాలు, అందులోని జన్యువులను పోల్చి మగకూ పనిచీమకూ చుట్టరికం తేల్చేస్తున్నారు. అయినా డోరిలస్‌లో గుర్తించిన అరవై దాకా జాతుల్లో, రాణి ఎలావుంటుందో తెలియనివి ఇంకా చాలా వున్నాయి. మన దేశంలోనూ ఈ ప్రజాతి వుంది. ఓరియెంటాలిస్ అనే జాతి నేలలో వుండి బంగాళాదుంపలను తొలిచేస్తుంది. వానాకాలం రాత్రి మీ వరండా దీపం దగ్గర రెక్కల చుట్ట కనిపిస్తే, అది ఎవరో మీకిప్పుడు తెలుసు.

కొత్త చీటీలు రాయడానికి ఆ కుర్రాడినే కూర్చోబెట్టాను. నాకంటె వాడి దస్తూరీ బాగుంటుంది. "సేకరించినవారు" అన్నచోట వాడి పేరే రాయమన్నాను. రాసి, కలం ఎత్తి ఆగాడు.

"సియాఫూ అని కూడా రాయనా, మ్వాలిము?"

"రాయి" అన్నాను.