దెగా మైనపు నర్తకులు

1881వ సంవత్సరమున పారిస్ నగరమందు జరిగిన ఇంప్రెషనిస్టు చిత్రకారుల ఆఱవ ప్రదర్శనములో, ముందటి యేటి పట్టికలోనే పేరుండియు రాక నిలిచిపోయిన యొక శిల్పము ఎట్టకేలకు గాజుపెట్టెలో దర్శనమిచ్చెను. అది సుమారొక మీటరు ఎత్తుగల మైనపు బాలిక. ఒంటికి గుడ్డ రవికె, నడుమునకు పలుచని కుఱుచ పావడ, కాళ్ళకు నాట్యపు జోళ్ళు, తలకు నిజమైన వెండ్రుకలు, జడకు రిబ్బను. పాలరాతి దేవతలకును కంచు వీరులకును అలవడిన కన్నులకు ఇది శిల్పమో, శాస్త్రశాలలో ఉంచదగిన నమూనాయో బోధపడలేదు. ఆ పిల్ల ముఖమును కోతితో పోల్చి ఏవగించుకొన్న విమర్శకులును గలరు. వీస్మాన్స్ అను రచయిత మాత్రము తా నెఱిగిన శిల్పములలో నిజముగా ఆధునికమైన యత్నము ఇదొక్కటే యని మెచ్చుకొనెను.

ఆ శిల్పి ఎడ్గార్ దెగా (1834–1917), లోక మెఱిగినంతవఱకు చిత్రకారుడు. అతనికి నమూనాగా నిలిచిన మారీ వాన్ గోథెం బట్టలుతికి బ్రతుకు నొక తల్లి బిడ్డ. పారిస్ ఆపెరా నాట్యశాలలో అభ్యాసము చేయుచుండిన పదునాలుగేండ్ల బాలిక. అట్టి పిల్లలను ఆ నగరవాసులు ‘ఎలుకపిల్లలు’ అనెడివారు. ఆ పేరులో ముద్దెంతయో చులకనయు నంతయే. శిల్పములో ఆమె నర్తించుట లేదు. కుడిపాదమును ముందుకు చాచి, చేతులు వెనుకకు పెనవైచి, గడ్డ మెత్తి, అర్ధనిమీలిత నేత్రములతో నిలిచియున్నది.

నర్తించుచున్న దేహమును చూడగోరువారు దెగా చేసిన చిన్న బొమ్మలను చూడవలెను. ఒంటికాలిపై నిలిచి, మొండెమును ముందునకు వంచి, రెండవ కాలిని వెనుకకు చాచు ‘అరబెస్క్’ భంగిమను అతడు మరల మరల మలచెను. పటముపై వ్రాసిన నర్తకికి పడిపోవు భయము లేదు. మూడు కొలతలుగల బొమ్మ విషయములో మాత్రము భూమ్యాకర్షణము నర్తకికి పెట్టు పరీక్షనే శిల్పికిని పెట్టును. పైగా నర్తకి కండరములు క్షణక్షణము తూకమును సవరించుకొనగా, మైనమునకు ఆ తెలివి లేదు. అందుచే దెగా లోపల ఇనుపతీగలు చుట్టి, చాలనిచోట్ల సీసా బిరడాలను, పాత కుంచెల కాడలను సైతము దూర్చెను. ఎక్స్‌రే చిత్రములలో అవి నేటికిని కానవచ్చును. ఇంత పాటుపడియు బొమ్మలు కూలుచునే యుండెను. కూలినదానిని మరల మొదలుపెట్టుట అతనికి కష్టమనిపించినట్లు లేదు. కుడి అరికాలు చూచుకొను నర్తకిని అతడు పలుమాఱులు చేసెను.

బ్రదికియుండగా ఆ మైనపు బాలికను తప్ప అతడు మరే శిల్పమును ప్రదర్శింపలేదు, దేనిని కంచులో పోత పోయింపలేదు. మరణానంతరము పనిగదిలో సుమారు 150 బొమ్మలు దొరకెను. వానిలో అనేకములు శిథిలములు. వారసుల యనుమతితో ఎబ్రార్ పోతశాలవారు 1919 మొదలు వానిలో దక్కినవానిని కంచున పోసిరి; నేడు దేశదేశముల మ్యూజియములలో మనము చూచునవి ప్రాయికముగా ఆ పోతలే. వానివలననే దెగా శిల్పిగా లోకమునకు తెలిసెననుట నిజము. కాని వ్రేలితో నొక్కి దిద్దుకొనుటకు వీలైన మైనమును జీవితాంతము విడువని వాని పనిని, ఎన్నడును దిద్దరాని లోహముగా మార్చుట నాకంత సమంజసముగా తోచదు. మైనపు మూలమైన ఆ బాలిక నేడు వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ నందున్నది. కంచు బాలికలకును పావడ మాత్రము గుడ్డదే. చివికినప్పుడు మ్యూజియములవారు క్రొత్తది కుట్టించుచుందురు గనుక, దాని పొడవు ఊరి కొక తీరుగా నుండును.